పడవ మాటలు

ఆగస్టు 30, ఆదివారం

నైరుతి గాలి. మబ్బు. చేపకి ఇంతకంటే మంచి రోజు ఉండదు. వెళ్లలేదు.

ఫెస్టీ బూట్లు తొడుక్కుని గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మళ్లీ వెళ్లి కుర్చీలో కూర్చుని బూట్లు విప్పేశాడు. నేను అప్పటికే తెడ్లు భుజాన వేసుకుని వాకిట్లో ఉన్నాను. ఏమైందని అడగలేదు. తెడ్లు తెచ్చి కొట్టంలో పెట్టాను.

నిన్నటి బేకన్‌లో ఉప్పు ఎక్కువైంది. అదే పడి ఉండదు.

ఆగస్టు 31

ఏమీ తోచక రాస్తున్నాను. నిన్న పడవలో ఖర్చు కావలసిన మాటలు మిగిలిపోయాయి.

నేనూ మా అన్న ఫెస్టీ ఇంట్లో మాట్లాడుకోం. ఈ సరస్సు చుట్టూ ఉన్న ప్రతివాడికీ తెలుసు, రాయక్కర్లేదు. అయినా రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని.

అమ్మ చనిపోయిన ఏడాది గడ్డి కోశాం. కోసిన సాయంత్రమే వాన. ఎవరి మాట విని కోశామన్న దాని మీద ఒక మాట వచ్చింది. మర్నాడు వాడు పలకరిస్తే పలుకుదామని నేను, నేను పలకరిస్తే పలుకుదామని వాడు. క్రిస్మస్ నాటికి అదే పద్ధతి అయిపోయింది. పెళ్లాలుంటే కలిపి ఉండేవాళ్లేమో. ఇద్దరికీ లేరు.

పడవలో మాత్రం కుదరదు. మా కోరిబ్ సరస్సుకి పైన నీళ్లు, కింద బండలు. తెడ్డు వేసేవాడి వీపు పడవ వెళ్లే వైపుకి ఉంటుంది. వెనక, ముక్కు దగ్గర కూర్చున్నవాడు చూసి చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ మునుగుతారు. అందుకని బండ, ఎడమ, ఆగు, తిప్పు, ఇవి అనుకోవచ్చు. చేప లేస్తే చెప్పుకోవచ్చు. చలికాలమంతా ఫెస్టీ కోడి ఈకలతో కొక్కేలకి, చేప నిజమనుకునేలా, ఉత్తుత్తి ఈగలు కడతాడు, ఆ ఈగల సంగతి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. తెడ్డు వేసేది నేను, ముక్కు దగ్గర వాడు. మాట నా వీపుకి తగులుతుంది, ముఖం కనపడదు. అందుకే వీలైందేమో. మధ్యాహ్నం లంకలో దిగి టీ కాచుకునేటప్పుడు మాత్రం మాటల్లేవు. లంక పడవ కాదు కదా.

సెప్టెంబరు ఆఖరుతో ట్రౌట్ చేప వేట బంద్. పడవ బోర్లిస్తాం. మళ్లీ ఫిబ్రవరి దాకా నోరు తెరవక్కర్లేదు.

కుక్క ఉన్నప్పుడు కాస్త నయంగా ఉండేది. "ఒసేయ్ ఫ్లో, దుంపలు ఉడికాయని చెప్పు ఆ పెద్దమనిషికి" అంటే అటు చేరేది. అటునుంచి, "ఉప్పు వేశాడేమో కనుక్కోవే" అని వచ్చేది. అదీ పోయింది. పిల్లితో ప్రయత్నించాం. పిల్లి మాట పూర్తయ్యేదాకా నిలబడదు.

సెప్టెంబరు 3

నర్సు అట్రాక్టా వచ్చింది. సైకిల్ దిగుతూనే కిటికీలోంచి ఫెస్టీని చూసి, నన్ను వాకిట్లోకి పిలిచింది.

"ఎన్నాళ్లుగా ఇలా పచ్చగా ఉన్నారండీ మీ అన్నగారు?"

"వంటింట్లో వెలుతురు తక్కువమ్మా" అన్నాను.

"నొప్పి అని చెప్పలేదా?"

"చెప్పడు."

"మీరు అడగలేదా?"

టీకి నీళ్లు పెడతానని లోపలికి వచ్చేశాను.

సెప్టెంబరు 4

వాన.

సెప్టెంబరు 6, ఆదివారం

ఒక్కణ్ణే వెళ్లాను. పడవ ముక్కులో బరువు లేకపోతే గాలికి పిచ్చిగా తిరుగుతుంది. వాడి చోట ఓ రాయి పెట్టాను. గాలికి అడ్డంగా వదిలితే పడవ బాగానే జారింది. దారానికి మూడు ఈగలు కట్టాను. పై ఈగ అల నెత్తిన చిందులేయాలి, దాన్ని చూసి చేప లేవాలి. రెండు లేచాయి. రెండూ అందలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూ తెడ్డు వేశాను. మెడ పట్టేసింది. ఒక్కసారి చూడలేదు, అప్పుడే తగిలింది బండ. "బండ!" అని నేనే అరిచాను, తగిలిన తర్వాత.

రేవులో మాలకీ ఉన్నాడు. పక్కింటివాడు. చిన్నప్పుడు ముగ్గురం ఒకే బెంచీ.

"ఎవర్నిరా తిడుతున్నావు నీళ్ల మధ్యలో?"

"ఎవర్నీ కాదు."

"రాయినా? పోనీలే, మీ అన్నకంటే అదే నయం, వినైనా వింటుంది." నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు. "ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నాడు. కడుపులో ఏదో."

"వచ్చే ఆదివారం నేనొస్తాలే. ఆ రాయి తీసెయ్. రాయికీ నాకూ బరువులో తేడా లేదు, తెలివిలో అంతకంటే లేదంటుంది మా ఆవిడ."

సెప్టెంబరు 10

అంబులెన్సులో గాల్వే పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు పరీక్షలకి. సాయంత్రం దింపేశారు. కోటు మీద ఆసుపత్రి వాసన. గుడ్డు ఉడకబెట్టి ఇచ్చాను. పచ్చసొన తిన్నాడు, తెల్లది వదిలేశాడు. మామూలుగా తెల్లదే తింటాడు.

సెప్టెంబరు 13, ఆదివారం

మాలకీ వచ్చాడు. రేవు దాటకముందే మొదలెట్టాడు. తుంటి నొప్పి, గొర్రెపిల్లల ధర, కొత్త పాదిరి పాట పాడితే చెక్క చీల్చినట్టుందని. ఒక్క బండా చెప్పలేదు.

"ఒరే, ముందు చూడు" అన్నాను.

"చూస్తున్నాగా. ఎంత బాగుందిరా మన సరస్సు!"

మూడు బండలు ఎక్కించాడు. చేప ఒక్కటీ లేదు. ఇంత మాట విని ఏ చేప ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి ఫెస్టీ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. నా చేతిలో ఖాళీ బుట్ట వైపు చూశాడు. మూతి కొంచెం కదిలింది. నవ్వే. మాలకీ గొంతు ఇక్కడిదాకా వినపడి ఉంటుంది.

సెప్టెంబరు 16

అట్రాక్టా ఫలితాలు తెచ్చింది. ముందు ఫెస్టీతో గదిలో కూర్చుంది. తర్వాత నాతో వాకిట్లో. జీర్ణాశయం వెనక ఏదో గ్రంథి పేరు చెప్పింది. కోసి తీసేది కాదంది. క్రిస్మస్ దాకానా అన్నాను. తల ఊపింది, అడ్డంగా.

డాక్టర్లు చాలా చెబుతారు. మాలకీ తుంటి గురించి కూడా చెప్పారు, వాడు తిరుగుతూనే ఉన్నాడు. ఈ నెలాఖరుకి ఫెస్టీ లేస్తాడు. వేట ఆఖరి రోజు వాడు ఎప్పుడూ తప్పలేదు.

సెప్టెంబరు 17

ఆవు ఈనింది. పెయ్య.

సెప్టెంబరు 21

ఇది సరిగ్గా రాయాలి.

అట్రాక్టా అంది: గాల్వేలో సిస్టర్లు నడిపే ఇల్లుంది, ఇలాంటివాళ్లని ఆఖరిదాకా చూసుకుంటారు. అక్టోబరు ఒకటిన మంచం ఖాళీ. ఇంట్లో ఉంచుకున్నా తను రోజూ వస్తుంది, మందులిస్తుంది, ఇబ్బందేమీ లేదు.

"మరి ఇంట్లోనే ఉంటాడుగా" అన్నాను.

"అదే అడిగాను. ఏమన్నారో తెలుసా? 'ఇల్లు సగం వాడిది. నన్ను ఉండమని ఎవరూ అనలేదు' అన్నారు."

"ఎవరు ఉండమనాలి?"

ఆవిడ నన్ను చూసిన చూపు నాకు నచ్చలేదు.

"మీరు ఉండమంటే ఉంటారటండీ. అనకపోతే ఒకటో తారీఖున వెళ్తారు. నాతో చెప్పించొద్దన్నారు. మీరే అనాలి. ఒక్క మాట."

"పిల్లి కూడా లేదు చూడమ్మా ఇవాళ, ఎటు పోయిందో" అన్నాను. ఎందుకన్నానో. ఆవిడ సైకిలెక్కింది.

సెప్టెంబరు 22

ఉండిపో. ఇంతే. పెద్ద మాటేం కాదు.

టీ తీసుకెళ్లాను. కప్పు బల్ల మీద పెట్టాను. దుప్పటి సర్దాను. వాడు చూస్తున్నాడు. కిటికీ మూసి వచ్చేశాను.

సెప్టెంబరు 23

రేపు అంటాను. ఇవాళ వాడికి నిద్ర పట్టింది, లేపడం ఎందుకు.

సెప్టెంబరు 24

కొట్టంలో ఆవుతో అన్నాను. బాగానే వచ్చింది.

సెప్టెంబరు 25

అనలేదు.

సెప్టెంబరు 27, ఆదివారం

చర్చిలో ప్రార్థన అయ్యాక మాలకీకి చెప్పాను. ఇంత పొడుగు మాట వాడితో ఎప్పుడూ చెప్పలేదు. విని, "ఒరే, ఉండమనడానికి ఏం రోగంరా నీకు? నేనెళ్లి చెప్పనా?" అన్నాడు.

"నేనే అనాలట."

"మరి అను."

"ఇంట్లో రావడం లేదురా."

మాలకీ చాలాసేపు టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. "పడవలో వస్తుందా?"

అంతదాకా నాకు తట్టలేదు. పడవలో వస్తుంది. పడవలో ఎందుకు రాదు?

సెప్టెంబరు 29

రేపే ఆఖరి రోజు. మాలకీ, వాడి అల్లుడు ఫెస్టీని పడవ దాకా మోస్తారు. అట్రాక్టా ముందు వద్దంది, తర్వాత రెండు దుప్పట్లు ఎక్కువ కప్పమంది. ఫెస్టీకి మాలకీయే చెప్పాడు. వాడు ఈగల డబ్బా అడిగాడట.

పడవలో నీళ్లు తోడాను. దిండు పెట్టాను. ఏ గాలికి ఏ వైపు జారాలో, ఎక్కడ అనాలో అనుకున్నాను. కన్య లంక దాటాక, ఆ ఇసుక అఖాతంలో. అక్కడ గాలి తగలదు, మాట వినపడుతుంది.

సెప్టెంబరు 30

కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఎంత తేలికైపోయాడో మాలకీ ముఖం చూస్తేనే తెలిసింది. 

ముక్కుకి ఆనించి, దిండు వేసి కూర్చోబెట్టాం. ఎప్పుడూ ముందుకి చూసేవాడు ఇవాళ నా వీపుకేసి కూర్చోవాల్సి వచ్చింది. బండలు ఎవరు చూస్తారని నేను అనుకుంటూనే ఉన్నాను. రేవు దాటామో లేదో, వెనకనుంచి, "ఎడమ" అన్నాడు.

నెల తర్వాత విన్నాను ఆ గొంతు. సన్నబడింది.

ఎడమకి తిప్పాను. బండ పక్కనుంచి పోయింది. "ఆగు. ఇప్పుడు లాగు. కుడి." తల తిప్పి చూడలేదు వాడు, నాకు తెలుసు. సరస్సంతా కంఠతా. ఒక్కటీ తగల్లేదు.

అఖాతంలోకి వచ్చాం. తెడ్లు లోపలికి తీశాను. అల చిన్నది, మబ్బు పల్చబడింది. వాడికి గాలపు కర్ర అందించాను. ముంజేయి నా వేలంత ఉంది. విసిరాడు. ఆ విసురు మాత్రం పోలేదు. దారం మెత్తగా వెళ్లి పడింది, పై ఈగ చిందులేసింది.

ఇప్పుడు అనాలి. గొంతు సవరించుకున్నాను. తెడ్డు పిడి పట్టుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"వచ్చింది" అన్నాడు ఫెస్టీ.

పెద్దది. పడవ కిందకి దూరింది, మళ్లీ బయటికి. వాడి చేతుల్లో బలం లేదు, కర్ర పక్కటెముకలకి ఆనించుకున్నాడు. నేను అందుకోబోతే మోచేత్తో తోశాడు. చాలాసేపు పట్టింది. చేతివలలోకి తీశాను. ఆడది. శరదృతువు రంగు పట్టి వెన్నలా పసుపు, ఒంటినిండా ఎర్ర చుక్కలు, పొట్ట నిండా గుడ్లు. వచ్చే నెలలో ఏరెక్కి గుడ్లు పెట్టేది.

"వదిలెయ్" అన్నాడు.

నీళ్లలో పట్టుకుని ఉన్నాను, ఊపిరి తీసుకునేదాకా. తోక ఒక్కసారి కొట్టి పోయింది. అది పోయిన చోటుకేసి ఇద్దరం చూస్తూ ఉన్నాం.

అప్పుడైనా అనాలి. కాని ఉండిపో అన్నది పడవ మాట కాదు. ఈ సంగతి నాకు ముందు తట్టలేదు. పడవలో ఏదైనా వస్తుందనుకున్నాను. బండ వస్తుంది, ఎడమ వస్తుంది. ఇది రాలేదు.

గాలి తిరిగింది. వాడికి చలేసింది. "తిప్పు" అన్నాడు.

తిప్పాను.

అక్టోబరు 1

పదింటికి బండి వచ్చింది. అట్రాక్టా నా పక్కనే నిలబడింది, నేను అనేదాకా నిలబడదామన్నట్టు. డ్రైవరు కూడా కాసేపు టైరు చూస్తున్నట్టు నటించాడు, ఆవిడ చెప్పి ఉంటుంది. ఫెస్టీ స్ట్రెచరు మీదనుంచి ఇంటి కప్పుకేసి చూశాడు. తర్వాత నాకేసి.

వాడి కోటు మడిచి కాళ్ల దగ్గర పెట్టాను.

వెళ్లిపోయారు.

అక్టోబరు 3

బస్సులో గాల్వే వెళ్లాను. సిస్టరు గది చూపించింది. తెల్లటి గోడలు, కిటికీ బయట కార్లు. నేను గుమ్మంలో టోపీ పట్టుకుని నిలబడ్డాను.

"బస్సు ఆలస్యమా?" అన్నాడు ఫెస్టీ.

"దారిలో గొర్రెలు అడ్డమొచ్చాయి."

"ఎవరివి?"

"మాలకీ అల్లుడివే."

"కంచె వేయడం చేతకాదు వెధవకి. కూర్చో, ఎందుకలా నిలబడతావు?"

కూర్చున్నాను. సిస్టరు టీ తెచ్చేదాకా మాట్లాడాం. తెచ్చాకా మాట్లాడాం. ఆఖరి బస్సు తప్పిపోయేది, సిస్టరు గుర్తుచేసింది.

ఎలా జరిగిందో తెలియదు. మా ఇంటి గోడలకి తెలుసు, మేం మాట్లాడుకోమని. ఈ గోడలకి ఎవరూ చెప్పలేదు.

అక్టోబరు 5

పెయ్యకి పేరేం పెట్టావన్నాడు. పెట్టలేదన్నాను. అమ్మ పేరు పెట్టమన్నాడు. అమ్మ చంపుతుందన్నాను. నవ్వితే నొప్పి వచ్చింది, నర్సు సూది ఇచ్చింది.

అక్టోబరు 6

గడ్డి సంగతి వచ్చింది.

"కోద్దామన్నది నువ్వేరా" అన్నాడు.

"నేనా? ఆకాశం చూసి బాగుందన్నది ఎవరు?"

"బాగుందన్నాను. కొయ్యమనలేదు."

"బాగుందంటే ఏంటి మరి అర్థం, పడుకోమనా?"

సిస్టరు తలుపు తీసి, "మీ ఇద్దరిదీ ఎంత స్నేహమండీ! అన్నదమ్ములు ఇంతింతసేపు మాట్లాడుకోవడం నేనెక్కడా చూడలేదు" అంది. ఫెస్టీ దుప్పటి ముఖానికి లాక్కున్నాడు. మంచం కదిలిపోతోంది నవ్వుకి. నేను కిటికీ వైపు తిరిగాను.

అక్టోబరు 8

మాలకీ ఆవును చూసుకుంటున్నాడు. నేను ఇక్కడే కుర్చీలో పడుకుంటున్నాను. వాడికి మాట తగ్గింది. నాకు ఎక్కువైంది. ఇన్నాళ్ల సంగతులు చెబుతున్నాను: ఫ్లో ఎలా పోయింది, పొలం గట్టు ఎలా కూలింది. అన్నీ వాడు చూసినవే. పక్కనే ఉండి చూశాడు. అయినా, "అలాగా" అంటున్నాడు.

అక్టోబరు 9

పొద్దున తెలివిలో ఉన్నాడు.

"అట్రాక్టా నీకు చెప్పింది కదూ" అన్నాడు.

"చెప్పింది."

"ఆవిడతో చెప్పించొద్దన్నదీ నేనే."

"తెలుసు."

"పడవలో అనబోయావు. మెడ ఎర్రబడింది. వెనకనుంచి కనపడింది నాకు."

"చేప వచ్చింది."

"చేప వచ్చింది" అన్నాడు. ఒప్పుకున్నట్టు.

 తర్వాత నేనే, నన్ను నేను సమర్థించుకోవడానికే, "ఇంట్లో ఉండి ఉంటే ఈ మాటలు ఉండేవి కావు కదా" అన్నాను. ఇది నేను నాలుగు రోజులుగా అనుకుంటున్న సంగతి. ఇలా జరగడమే మంచిదైందని బస్సులో, కుర్చీలో అనుకుంటున్నాను.

"ఉండేవి కావు" అన్నాడు. కార్లకేసి చూశాడు. "అయినా ఉండేవాణ్ణి."

అక్టోబరు 11, ఆదివారం

ఉదయం పోయాడు. నేను చెబుతూ ఉన్నాను, ఏదో, తెడ్డుకి కొత్త తోలు వేయాలని. సిస్టరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసేదాకా చెబుతూనే ఉన్నాను.

అక్టోబరు 12

ఇంటికి తెచ్చాం. మా వైపు పద్ధతి, ఖననానికి ముందు ఇంట్లో ఉంచాలి, పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలి. ఊరంతా వచ్చింది. కేకులు, హామ్, విస్కీ. అందరూ చెయ్యి కలిపి, "నీ కష్టానికి చింతిస్తున్నాం" అన్నారు. అట్రాక్టా కూడా అంది. ఇంకేమీ అనలేదు. మంచి మనిషి.

ఇంట్లో ఇంత మాట నేనెప్పుడూ వినలేదు. నా నోటినుంచి మాత్రం ఒక్కటీ రాలేదు. మళ్లీ అదే ఇల్లు.

అక్టోబరు 13

మట్టి ఇచ్చి వచ్చాం. ఎండ కాసింది. సరస్సు మీద అల లేదు.

పొద్దున పెట్టె మూత వేసే ముందు అందరూ బయటికి వెళ్లారు. ఇంటివాళ్లని కాసేపు ఒంటరిగా వదిలేస్తారు. ఇంటివాళ్లంటే నేనే. బయట వాకిట్లో మోసేవాళ్లు నిలబడ్డ చప్పుడు, కారు ఇంజను, ఎవరో దగ్గడం.

వాడి ముఖం ఎదురుగా ఉంది. వంటింటి వెలుతురులో కూడా ఆ పసుపు రంగు తెలుస్తోంది. బాగానే తెలుస్తోంది.

"ఉండిపో, అన్నా" అన్నాను.

గట్టిగానే వచ్చింది. కప్పులు కదిలినంత గట్టిగా. ఒకసారి వచ్చాక ఇంకోసారి కూడా వచ్చింది. "ఉండిపో. వెళ్లకు. ఉండిపో."

తలుపు తెరుచుకుంది. మాలకీ, టోపీ చేతిలో. వేళైందని చెప్పడానికి వచ్చినట్టున్నాడు. విన్నాడు. పెట్టెకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"ఇంకాసేపు ఆగమంటాను వాళ్లని" అన్నాడు.

తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. బయట ఇంజను ఆపేశారు. చాలాసేపే ఆగారు.